వాలునేలలో ట్రాక్టరు: బోల్తాపడక మునుపు, పడిన పిమ్మట



పాల్వంచ దాటి కిన్నెరసాని మీదుగా గుండాల వైపునకు పోయినను, గోదావరి దాటి దుమ్ముగూడెము, చర్ల దిక్కునకు పోయినను, అడవి అంచుననున్న సేద్యపునేల ఒక్క తీరున నుండదు; పైన గుట్టవాలున పోడుచేను, క్రింద వాగుదరిని వరిమడి, నడుమ మొద్దులును బండలును దాగిన మిట్టపల్లములు. ఇట్టి నేలలో అరక పోయి ట్రాక్టరు వచ్చినందున రైతుకు కలిగిన మేలు తక్కువది కాదు. అయితే నోరులేని ఎద్దు తన కాలు దిగబడినచో ముందడుగు వేయక నిలిచిపోవును. యంత్రమునకు ఆ యెఱుక లేదు. ఆ యెఱుక నడుపువానికే ఉండవలెను, అదియును ఆపద రాకమునుపే ఉండవలెను. ఏలయన ట్రాక్టరు తిరుగబడుటకు పట్టు కాలము మనిషి ఆలోచించుటకు పట్టు కాలముకంటె తక్కువ.

బోల్తా అనగానే గుట్టలే మనకు స్మరణకు వచ్చును గాని, దమ్ముచేయు మడిలో, చదునైన బురదలో జరుగు ప్రమాదము మిక్కిలి ఘోరమైనది. కేజీవీల్సు బురదలో కూరుకొని కదలనపుడు, కొందఱు చక్రముల క్రింద దుంగనో రాతినో దోపి, మొదటి గేరు వేసి, క్లచ్చిని ఒక్కసారిగా విడుతురు. ఇంజను బలము చక్రమును త్రిప్పవలెను, చక్రము తిరుగలేదు, అపుడా బలము ఇరుసును ఆధారము చేసికొని ట్రాక్టరు శరీరమునే వెనుకకు త్రిప్పును. ముందుచక్రములు లేచిన క్షణమునుండి బండి నడుపువాని మీద పడువఱకు పట్టునది సుమారు ఒకటిన్నర సెకను; అందులో సగము గడచిన పిమ్మట క్లచ్చి నొక్కినను ప్రయోజనము లేదు. బురదలో ముఖము కూరుకొని ఊపిరాడక పోయిన ప్రాణములు, దెబ్బతగిలి పోయిన ప్రాణములవలెనే, ఈ విధముగా ఎన్నియో పోయినవి.

కావున దిగబడిన బండిని ముందునకు గుంజు ప్రయత్నమును మొదటనే మానవలెను. వెనుక కట్టిన పనిముట్టును విప్పి, చక్రముల వెనుకనున్న బురదను పారతో తీసి, రివర్సు గేరులో మెల్లగా వెనుకకు తీయవలెను. అపుడు ఇంజను బలము ముందుభాగమును నేలకు అదుమునే గాని లేపదు. అట్లు రానిచో మరియొక ట్రాక్టరుతో లాగించుటయే ఉత్తమము. లాగెడి బండికి గొలుసును అడుగుననున్న డ్రాబారుకే తగిలింపవలెను. ఎత్తుగానున్న టాప్‌లింకుకు గాని, ఇరుసుకు పైనున్న మరే చోటికి గాని తగిలించినచో, సాయము వచ్చిన బండియే వెల్లకిల పడును.

వాలునేలలో వేఱొక జాగ్రత్త గలదు. వెనుకచక్రముల నడిమి దూరమును వీలైనంత పెంచి, మెల్లగా నడుపుచు, బండి ఒరుగుచున్నదని తోచినచో స్టీరింగును పల్లపు వైపునకే త్రిప్పవలెను; మిట్టవైపు త్రిప్పి బండిని నిలుపుకొందుమనుట భ్రమ. వాగుగట్టు ఎంత ఎత్తున్నదో అంత దూరమైనను అంచునకు ఎడముగా నడుపవలెను, వాన కురిసిన పిమ్మట ఇంకను ఎక్కువ.

ట్రాలీ కట్టి దిగుడునకు పోవునపుడు, ఎక్కుటకు ఏ గేరు కావలసివచ్చునో ఆ గేరులోనే దిగవలెను. డీజిలు మిగులునని న్యూట్రల్ చేయుట, బ్రేకులులేని ట్రాలీ బరువు వెనుకనుండి త్రోయుచుండగా, ప్రాణములను వెలగట్టి అమ్ముట యగును. పొలములో మలుపుకొఱకు విడదీసిన రెండు బ్రేకు పెడళ్లను రోడ్డెక్కుటకు ముందు కొక్కెముతో తప్పక కలుపవలెను.

ట్రాలీలో మనుష్యులను ఎక్కించుటను గూర్చి ఎంత చెప్పినను అధికము కాదు. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పి.ఏ.పల్లి మండలమున మిరపకోతకు పోవు కూలీల ట్రాక్టరు ఏ.ఎం.ఆర్.పి. కాలువలో పడి 9 మంది మరణించిరి. అదే యేడు జూన్ 24న వలిగొండ మండలము లక్ష్మాపురము వద్ద మూసీ కాలువలో మరియొకటి పడి 15 మంది పోయిరి, వారిలో అత్యధికులు స్త్రీలు. మిరపకాలమున ఛత్తీస్‌గఢ్ నుండి మన పల్లెలకు వచ్చు కూలీలను ఆటోలోనో జీపులోనో తెచ్చుటకగు ఖర్చు రైతు భరింపదగినదే యని నా దృఢాభిప్రాయము.

స్వీడను దేశమువారు 1959లోనే క్రొత్త ట్రాక్టరులకు రక్షణచట్రమును తప్పనిసరి చేసిరి. పిమ్మట అచట బోల్తామరణములు మిక్కిలి తగ్గినవి. సీటు వెనుక నిలుచు ఆ ఇనుపకమాను ఉన్న బండిలో సీటుబెల్టు కట్టుకొనుటయు, అది లేని బండిలో కట్టుకొనకుండుటయు సరియైన పద్ధతి.

ఇక బండి పడనే పడినదనుకొందము. మొదట ఇంజను ఆపు పుల్లను లాగి, బ్యాటరీ తీగను తీసివేయవలెను. డీజిలు కారుచుండును గనుక బీడీ, నిప్పు దగ్గఱకు రారాదు. క్రింద మనిషి చిక్కియున్నచో 108కి చెప్పి, ముఖము చుట్టునున్న బురదను, నీటిని తొలగించి ఊపిరి ఆడునట్లు చూచి, బండి ఇంకను జాఱకుండ దుంగలతో ఊతమిచ్చి, వీలైనచోట బండిని ఎత్తుటకంటె అతని క్రింది నేలను త్రవ్వుట మేలు. పదిమంది చేతులతో ఎత్తి నడుమ వదలినచో రెండవ దెబ్బ మొదటిదానికంటె కఠినము.

మనిషి చిక్కుకొనలేదని తేలిన పిమ్మట తొందరపడవలసిన పనియే లేదు; జేసీబీ వచ్చువఱకు ఆగవచ్చును. లేపునపుడు దృఢమైన ఇనుపతాడును వెనుక ఇరుసు గూటికి కట్టి, మడ్‌గార్డుకో స్టీరింగునకో కట్టక, ఎదుటివైపున మరియొక తాడుతో బిగబట్టవలెను. లేనిచో నిలిచిన బండి అదే ఊపున ఆవలివైపునకు పడును. తాడెంత పొడవో అంతకుమించిన దూరమున జనులు, ముఖ్యముగా పిల్లలు, నిలువవలెను. తెగిన తాడు కాళ్లను విఱుచును.

నిలిపిన వెంటనే తాళము త్రిప్పరాదు. ప్రక్కకు పడియున్న వేళ ఆయిలు సిలిండరులలోనికి చేరియుండును; స్టార్టు చేసినచో అది నలుగక, కనెక్టింగు రాడ్డే వంగును. ఎయిర్ క్లీనరులోని ఆయిలును ఇంజను పీల్చుకొన్నచో అదుపు తప్పి పరుగెత్తును కూడ. కొన్ని గంటలు ఆగి, మెకానిక్కుచే ఇంజెక్టరులు విప్పించి, ఇంజనును మెల్లగా త్రిప్పి ఆయిలు వెడలించి, ఎయిర్ క్లీనరును కడిగి, ఇంజను ఆయిలు, గేరుపెట్టె ఆయిలు, రేడియేటరు నీరు సరిచూచి, డీజిలు గొట్టములలోని గాలిని తీయించిన పిమ్మటనే స్టార్టు చేయవలెను. బ్రేకులును స్టీరింగును చదునునేలమీద పరీక్షింపక మరల వాలు ఎక్కింపరాదు.