సంస్థ నుంచి బడికి
(పేట సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేం చాలా ఏళ్లు బెజవాడలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేశాం. జీపెక్కి బందరు కాలవ గట్టున మీ పేటలకొచ్చాం. సర్వే కాగితాలు నింపుకున్నాం, ఫోటోలు తీసుకున్నాం. బడి మానేసిన పిల్ల మాకు రిపోర్టులో ఒక అంకె. ఫండు ఆగింది, మా రాకా ఆగింది. ఆ పిల్ల ఏమైందో మేం అడగలేదు. ఆ తప్పు మాదే.

ఇప్పుడు బడినే పట్టుకుని పనిచేస్తున్నాం. పంతుళ్లం కాదు, ఇంటికీ బడికీ మధ్య తిరిగే మనుషులం. జీపు పోయింది, సైకిలు మిగిలింది. ఊడుపులప్పుడు, మినుము తీతలప్పుడు పిల్లలు రాకపోతే 'వీళ్లకి చదువు మీద శ్రద్ధ లేదు' అంటారు. తల్లి కూలికి పోతే చంటిబిడ్డని ఎవరు చూడాలి? ఆ సంగతి హాజరు పట్టీలో ఉండదు. చీపురు ఎవరి పిల్లల చేతికిస్తున్నారో, అన్నం బంతిలో ఎవరు చివర కూచుంటున్నారో, అదీ ఉండదు. రోజూ అక్కడుంటేనే కనపడుద్ది.

2009 విద్యా హక్కు చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. మన పిల్లల లెక్కన మనకి చోటివ్వాలి. మధ్యాహ్న భోజనం వంటకి దళితులకి ముందు చోటివ్వమని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. మన అక్క వండితే ఇంటి నుంచి క్యారేజీ పంపేవాళ్లుంటారు, పంపనీండి. గరిటె మాత్రం వదలొద్దు.

హెడ్మాస్టరు గదిలో మన అమ్మలు ఇంకా నిలబడే మాట్లాడుతున్నారు. కుర్చీ అడగండి. మీటింగు పుస్తకంలో ఏం రాశారో చదివించుకున్నాకే వేలిముద్ర వెయ్యండి. వచ్చే మీటింగుకి మేమూ వస్తాం, మీ వెనక కూచుంటాం.