సదస్సు ముగిశాక రైతుకు జవాబు ఎవరు చెప్పాలి?

(వ్యవసాయ విశ్వవిద్యాలయంలో సుస్థిర వ్యవసాయంపై జరిగిన చర్చలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

సుస్థిర వ్యవసాయం అంటే మాకు అర్థమైనది ఇంతే. ఈ ఏడు పండిన పొలం మన పిల్లల నాటికీ పండాలి. బోరులో నీళ్లు మిగలాలి. పండించినవాడు అప్పుల పాలు కాకుండా మిగలాలి. ఈ మూడోది లేకుండా మొదటి రెండూ నిలవవు.

శాస్త్రవేత్తల కృషిని మేం తక్కువ చేయడం లేదు. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి (బీపీటీ 5204) నేటికీ మన పొలాల్లో ఉంది. దానికి ఎండాకు తెగులు బెడద ఉంటే, హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి పనిచేసి, ఆ తెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని 2008లో ఇచ్చాయి. ప్రయోగశాలల మధ్య సాధ్యమైంది శాఖల మధ్య ఎందుకు సాధ్యం కాదు?

కొర్ర సంగతే చూడండి. నీరు తక్కువ పట్టే చిరుధాన్యాలు వేయమని అందరూ చెబుతారు. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. నంద్యాల పరిశోధన స్థానం సూర్యనంది అనే కొర్ర రకాన్ని ఇచ్చింది. అంటే విత్తనం ఉంది. కానీ కేంద్రం ప్రకటించే మద్దతు ధరల జాబితాలో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి; కొర్ర, సామ లేవు. కల్లంలో పోసిన కొర్రలు కొనేదెవరు? శాస్త్రవేత్తను అడిగితే ధర మా పరిధి కాదంటారు. మార్కెటింగ్ వారు ఆదేశాలు లేవంటారు. బ్యాంకు వారు స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అంతేనంటారు. ఎవరి మాటా అబద్ధం కాదు. నష్టం మాత్రం రైతుదే.

కౌలు రైతు కష్టం మరొకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందానికి భూ యజమాని సమ్మతి కావాలంది. సంతకం లేనిదే కార్డు లేదు. కార్డు లేనిదే బ్యాంకు గడప ఎక్కలేడు. వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు పచ్చిరొట్ట వేసి భూసారం ఎలా పెంచుతాడు? కాబట్టి భూసారం గురించి మాట్లాడేచోట రెవెన్యూ వారూ కూర్చోవాలి.

ఇందుకే విశ్వవిద్యాలయం వైపు చూస్తున్నాం. దానికి పురుగుమందు అమ్మే పని లేదు, అప్పు వసూలు చేసే పని లేదు. అందరినీ ఒకచోటికి పిలవగలదు. రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం ఉన్న రాష్ట్రంలో ఇలా అడగడం అత్యాశ కాదు.

కొత్త వేదిక కావాలనడం లేదు. పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశాలు ఉన్నాయి. వాటి తీరు మార్చమంటున్నాం.

ఒకటి: సమావేశానికి నెల ముందే గ్రామాల్లో ప్రశ్నలు సేకరించి, చర్చను వాటితోనే మొదలుపెట్టాలి.

రెండు: ఆదర్శ రైతులతో పాటు కౌలు రైతులను, మహిళా రైతులను పిలవాలి. వారికి ఆ రోజు కూలి, దారి ఖర్చు ఇవ్వాలి.

మూడు: ఏ ప్రశ్నకు ఏ శాఖ ఎప్పటిలోగా జవాబు చెప్పాలో రాసిపెట్టాలి. తర్వాతి సమావేశంలో ముందుగా ఆ కాగితమే చదవాలి.

మా వంతు పనీ ఉంది. ఎరువుల మోతాదులో మా తప్పులూ ఉన్నాయి. విత్తనం, నీరు, ఖర్చు, దిగుబడి లెక్కలు మా సభ్యులు రాసి తెస్తారు. తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాం.

ఇన్నాళ్లూ రైతును పిలిచి చెప్పారు. ఇక పిలిచి అడగండి. అడిగాక మళ్లీ పిలిచి జవాబు చెప్పండి. వచ్చే సీజన్‌కు ముందే మా ప్రశ్నల కాగితం మీ చేతికి అందుతుంది.