ఫెన్సింగ్‌కు ఏ బూట్లు?

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో చెన్నైకి చెందిన భవానీదేవి కత్తి పట్టి బరిలో దిగారు. ఒలింపిక్స్‌లో ఫెన్సింగ్ ఆడిన తొలి భారత క్రీడాకారిణి ఆమే. మీ ఇంట్లో పిల్లలు ఆ ఆట నేర్చుకుంటామంటే, కత్తి, మాస్కు కొనేముందు కోచ్‌ను అడగండి. బూట్లు మాత్రం మొదటి రోజే కావాలి.

ఈ ఆటలో రెండు పాదాలవీ రెండు రకాల పనులు. ప్రత్యర్థి మీదికి లంఘించినప్పుడు ముందుకాలి మడమ నేలను గట్టిగా తాకుతుంది. వెనక పాదం లోపలి అంచు నేలకు రాసుకుంటూ వస్తుంది. అందుకే అసలైన ఫెన్సింగ్ బూట్లలో మడమ కింద మెత్త, లోపలి అంచున గట్టి పొర ఉంటాయి. ధర కూడా ఎక్కువే. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అంత ఖర్చు అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. మంచి పట్టున్న రబ్బరు అడుగుతో వచ్చే బ్యాడ్మింటన్ బూట్లు చాలు. మడమకు దెబ్బ తగులుతుంటే లోపల జెల్ ప్యాడ్ వేసుకోవచ్చు.

పరుగు బూట్లు మాత్రం వద్దండీ. వాటి అడుగు ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. పక్కకు ఒరిగితే చీలమండ బెణుకుతుంది.

కొనడానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. ఆటకు వేసుకునే పొడవాటి మేజోళ్లతోనే తొడిగి చూడండి. కొట్లోనే ఒక పెద్ద అడుగు ముందుకు వేయించండి. మడమ జారకూడదు, వేళ్లు ముందు తగలకూడదు. ఎదిగే పిల్లలు కదా అని రెండు సైజులు పెద్దవి కొనకండి.