అడిగినదానికే జవాబు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి పుస్తకాల సంచులతోనే వచ్చేసిన పిల్లలూ, మనం తలుచుకుంటున్న మాస్టారికి ఎవరైనా ఉద్యోగం వచ్చిందని స్వీట్లు తెస్తే, "ముందు అటెస్టేషన్ ఫారం చూపించు" అనేవారు. అందుకే ఇవాళ ఆ ఫారం కథే చెబుతాను.

గత ఐదేళ్లలో ఏడాదికి మించి ఎక్కడెక్కడ ఉన్నావని కేంద్ర ఉద్యోగాల ఫారం అడుగుతుంది. నల్లగొండ కుర్రాడు చైతన్యపురి హాస్టల్లో రెండేళ్లుంటే పోలీసు విచారణ ఊళ్లోనూ జరగాలి, ఇక్కడా జరగాలి. కానిస్టేబుల్ వచ్చేసరికి హాస్టల్ చేతులు మారి ఉంటుంది. కొత్త వార్డెన్‌కి ఆ పిల్లాడెవరో తెలీదు. అయినా రిపోర్టు పోతుంది!

నడత తేల్చేది పోలీసేనన్న ధీమా పాతది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పుట్టుకనే నేరం చేసింది. మన వైపు స్టువర్టుపురం సెటిల్‌మెంటు దాని ఫలమే. 1952లో ఆ చట్టం పోయింది, ధీమా పోలేదు. స్వతంత్ర దేశంలోనూ నేరంతో పాటు రాజకీయాలనూ ఆరా తీశారు. మధ్యప్రదేశ్‌లో ఒక టీచర్‌ని 1974లో అలాగే ఇంటికి పంపారు. ఆయన ఆరెస్సెస్, జనసంఘ్ కార్యక్రమాల్లో పాల్గొన్నారని పోలీసులు రాశారు. 1983లో సుప్రీంకోర్టులో ఆ తొలగింపు చెల్లదని తీర్పు రాసినది మన తెలుగు జడ్జి ఒ. చిన్నప్పరెడ్డి. వామపక్ష భావాలున్న ఆయన అవతలి పక్షం మనిషి ఉద్యోగం నిలబెట్టారు. న్యాయమంటే నాకు అదీ!

మళ్లీ ఫారం దగ్గరికొస్తే, 2005లో ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ ఉద్యోగం కేసులో తీర్పు వచ్చింది. శిక్ష పడిందా, ముందస్తు నిర్బంధంలో ఉన్నావా అని ఫారం అడిగింది. అభ్యర్థి లేదన్నాడు. అతని మీద కేసు నడుస్తోంది గానీ, ఆ సంగతి ఫారం అడగనే లేదు. అడగనిది చెప్పకపోవడం దాచడం కాదంది సుప్రీంకోర్టు.

2009 నవంబరు 29న ఈ ఎల్బీనగర్ చౌరస్తాలోనే ప్రత్యేక తెలంగాణ కోసం శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఆ రోజుల్లో నినాదాలిచ్చిన ఎందరో విద్యార్థుల మీద కేసులు పడ్డాయి. చిన్న వయసులో నినాదాలిచ్చినందుకు పడ్డ కేసు దాచినా యజమాని క్షమించవచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే "క్షమించవచ్చు" అంది, "క్షమించాలి" అనలేదు. ఉన్నది ఉన్నట్టు రాసినవాణ్ని కూడా తీసుకుని తీరాలని నిర్బంధం లేదు. అయినా పిల్లలూ, ఫారం అడిగితే ఎత్తేసిన కేసైనా రాయండి.

ఇక కాంట్రాక్టు మనుషులు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద గార్డుకి నడత విచారణ తప్పనిసరి. పర్మినెంటు ఉద్యోగికి నోటీసు, సంజాయిషీ, కోర్టు ఉన్నాయి. ఆఫీసు గేటు దగ్గర నిలబడే గార్డుకి రిపోర్టు తేడాగా వస్తే, ఏజెన్సీ సూపర్‌వైజర్ ఫోన్ చేసి రేపట్నుంచి రావద్దంటాడు. ఏం రాశారో కూడా అతనికి తెలీదు. ఆ రిపోర్టు నకలు అతని చేతిలో పెట్టి, జవాబుకి పదిహేను రోజులు ఇవ్వాలని నేనడుగుతున్నాను.