తీసేసినాయన్ని ముందు కారణం అడుగుదాం

 

వికీపీడియాలో ఎట్లా రాయాలో చెప్పమని నన్ను పిలిచారు. రాయడం ఒక పూటలో వచ్చేస్తుంది. మనం రాసింది ఎవరో తీసేస్తే ఏం చేయాలి? నేను దాని గురించే మాట్లాడతా. మన పిల్లలు చాలామంది ఆగిపోయేది అక్కడే.

నా సంగతే చెప్తా. కొత్తలో కొమురం భీమ్ పేజీ తెరిచి, ఇంటిపేరు ఉన్న చోటల్లా 'కుమ్రం' అని మార్చేసిన. మనం గోండిలో పలికేది అదే కదా. గంటలో ఎవరో పాతదే తిరిగి పెట్టారు. నేను మళ్ళీ మార్చిన. ఆయన మళ్ళీ పెట్టారు. మన పేరు మనకే నేర్పుతున్నారని రాత్రంతా నిద్ర పట్టలేదు. మూడో రోజు చూస్తే, ఆయన మొదటి రోజే చర్చ పేజీలో నాకు రాసి ఉన్నారు. 'ఎందుకు మారుస్తున్నారు, పుస్తకాల పేర్లు కూడా మారిపోయాయి చూడండి' అని. నిజమే, అచ్చయిన పుస్తకాల పేర్లలో కూడా అక్షరాలు మార్చేసిన. తప్పు నాది. అసలు చర్చ పేజీ అనేది ఒకటుందనే నాకు తెలీదు. ఆయనకేమో గోండి తెలీదు. ఆయన కంటికి నేను, కారణం చెప్పకుండా పేర్లు మార్చే కొత్త మనిషిని.

కూర్చుని మాట్లాడుకుంటే పది నిమిషాల పని. జిల్లా పేరు చూడండి, 'కుమురం భీమ్ ఆసిఫాబాద్'. అది మూడో రకం! పేజీకి పేరు ఒకటే ఉంటుంది, మిగతా రూపాలకు దారిమార్పు పెడతారు. ఎట్లా వెతికినా అక్కడికే వస్తారు. గోండి పలుకుబడి ఏదో మొదటి వాక్యంలోనే రాయొచ్చు.

మన రాయ్ సెంటర్‌లో ఏం చేస్తారు? రెండు పక్షాలనూ కూర్చోబెట్టి వింటారు. వికీలో ఆ జాగా చర్చ పేజీ. అక్కడ తెగకపోతే రచ్చబండ. తెలుగు వికీలో దాని పేరే అది. కానీ ఒక తేడా ఉంది. నిర్వాహకుడంటే మన పట్లా కాదు. పేజీకి తాళం వేయగలడు, గొడవ చేసేవాళ్ళను ఆపగలడు. ఏది రాయాలో తీర్పు చెప్పే అధికారం మాత్రం ఆయనకు లేదు. అది అందరూ మాట్లాడుకుని తేల్చుకోవాల్సిందే.

ఇంగ్లీషు వికీలో ఒక పేజీని 24 గంటల్లో 3 సార్లకు మించి వెనక్కి తిప్పితే ఆపేస్తారు. మీ మాట నిజమైనా సరే ఆపేస్తారు. ఇంకోటి, మన కుర్రాళ్ళకు ఇది బాగా అలవాటు: వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఇరవై మందిని దింపడం. అక్కడ అది పనిచేయదు, పైగా మన మాటకున్న విలువ పోతుంది. చేతులు లెక్కపెట్టరు, కారణాలు చూస్తారు.

ఇప్పుడు అసలు కష్టమైన తగాదా. భీమ్ అమరుడైన తేదీ ఒక్కో పుస్తకంలో ఒక్కో తీరుగా ఉంది. మనమేమో ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో జరుపుకుంటాం. 'మా తాత చెప్పాడు' అంటే వికీలో చెల్లదు, అచ్చులో ఆధారం అడుగుతారు. ఆ అచ్చు ఎవరిది? భీమ్ పోయాక నిజాం సర్కారు పనిమీద వచ్చిన హైమన్‌డార్ఫ్ రాసింది చెల్లుతుంది, ఆయనకు సంగతులు చెప్పిన మన పెద్దల మాట చెల్లదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఇట్లా అడిగినవాళ్ళం మనమొక్కరమే కాదు. 2011లో అచల్ ప్రభల బృందం మన దేశంలో, దక్షిణాఫ్రికాలో పెద్దల మాటలు రికార్డు చేసి, వాటినే ఆధారంగా చూపించి వ్యాసాలు రాసింది. ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు, చర్చ నడిచింది. నియమాలు రాసింది మనుషులే, మార్చమని రచ్చబండలో అడగొచ్చు. కానీ ఆ నియమం ఎందుకు పెట్టారో కూడా అర్థం చేసుకోవాలి. అది లేకపోతే రేపు ఎవడో వచ్చి, 'మా తాత చెప్పాడు, ఈ అడవి మాదే' అని రాస్తాడు. అప్పుడు ఆధారం చూపించమని అడగాల్సింది మనమే.

అందాక దారి ఏంది? తేదీల్లో ఒకటి ఎంచుకుని కొట్లాడొద్దు. ఎవరు ఏ తేదీ రాశారో వాళ్ళ పేరుతో సహా అన్నీ రాయండి. పౌర్ణమి నాటి వర్ధంతి గురించి పత్రికల్లో ఏటా వస్తుంది, దాన్ని ఆధారంగా పెట్టండి. పెద్దల మాటలను రికార్డు చేసి, పుస్తకంగానో పత్రికలో వ్యాసంగానో ముందు అచ్చు వేయిద్దాం. అయితే దేవుళ్ళ సంగతులు పెద్దలను అడగకుండా ఎక్కించొద్దు. అన్నీ బయట పెట్టేవి కావు.

సంతాలీలు 2018లో ఓల్ చికి లిపిలోనే సొంత వికీ తెచ్చుకున్నారు. మనకు గుంజాల లిపి ఉంది, గోండి వికీ కూడా వస్తుంది. వచ్చాక ఆదిలాబాద్ గోండి రాయాలా, బస్తర్ గోండి రాయాలా అని మనలో మనమే కొట్లాడుకుంటాం, చూడండి!

సరే, అన్నం తిని రండి. తర్వాత ల్యాప్‌టాప్‌లు తెరుద్దాం. ఇయ్యాల ఎవరూ పేజీలో దిద్దొద్దు, జోడేఘాట్ పేజీకి చర్చ పేజీ తెరిచి ఒక్కొక్కరు ఒక్క ప్రశ్న రాయండి.