చిన్న విడతల్లో పెద్ద పని



హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కొలువులు చేసే మన బీర్కూర్ పిల్లలు సెలవులకొచ్చినప్పుడు అజైల్, స్ప్రింట్ అంటూ మాట్లాడుకుంటుంటారు. అదేమిటో, మన సంఘానికి ఎంతవరకు అక్కరకొస్తుందో మనవి చేయదలిచాం.

పనులు రెండు రకాలు. మన ప్రాంత పొలాలకు నీళ్ళిచ్చే నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ వంటి ఇంజనీర్లు కొలతలన్నీ ముందే తేల్చి కట్టించారు. సగం కట్టాక ఆనకట్టను ఇంకోచోటికి జరపలేం గదా! కాని ఏం కావాలో ముందుగా పూర్తిగా తెలియని పనులూ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ అటువంటిదే. ఏడాది కష్టపడి చేసి చూపిస్తే, "మాకు కావలసింది ఇది కాదు" అనవచ్చు. అందుకే 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది నిపుణులు కూడి, నాలుగు విలువలతో అజైల్ ప్రకటన రాశారు. ప్లానును పట్టుకు వేలాడడం కంటే మార్పుకు తగినట్టు నడవడం ముఖ్యమన్నది అందులో ఒకటి.

మన పిల్లల స్కాలర్‌షిప్పు దరఖాస్తులనే తీసుకుందాం. ఒకరికి ఆదాయ ధ్రువపత్రం ఉండదు, ఇంకొకరి బ్యాంకు ఖాతాకు ఆధార్ జతకాదు. ఈ సంగతి ఆఖరి తేదీనాడు తెలిస్తే ఏం లాభం? ఒక్క కాగితం లేక ఆ ఏడాది సాయం చేజారుతుంది.

మొదటిది జాబితా. పనులన్నీ ఒకచోట రాసి, ఏది ముందో ఏది వెనకో తేల్చే బాధ్యత ఒక్కరికి అప్పగించాలి.

రెండవది విడత. స్ప్రింట్ అంటే ఇదే. నెలకు మించరాదు, రెండు వారాలైతే మరీ మంచిది. మొదటి విడతలో అందరి ధ్రువపత్రాల వెంట పడకుండా, పదిమంది దరఖాస్తులను మొదటినుండి చివరిదాకా పూర్తిచేయాలి. దారిలో ఉన్న చిక్కులన్నీ ఆ పదింటితోనే బయటపడతాయి. మిగతావారికి జాగ్రత్త పడవచ్చు.

మూడవది చిన్న సమావేశం. కంపెనీల్లో రోజూ 15 నిమిషాలు. మనకు వారానికి రెండుసార్లు చాలు. ఏం చేశాం, ఏం చేయబోతున్నాం, ఎక్కడ ఆగింది? అంతే. ఇది తప్పులెంచే చోటు కాదు.

నాల్గవది బోర్డు. చేయవలసినవి, చేస్తున్నవి, అయిపోయినవి అని మూడు గళ్ళు. జపానులో టొయోటా కంపెనీకి చెందిన తైచీ ఓనో కార్ల తయారీలో నడిపిన కాన్‌బాన్ చీటీల పద్ధతి దీనికి మూలం. నడిమి గడిలో పనులు పేరుకుపోకూడదు. చేతిలో ఉన్నది ముగించాకే కొత్తది ఎత్తుకోవాలి. బోర్డు మీద పిల్లల పేర్లు, ఇంటి ఆదాయాలు రాయవద్దు, నంబర్లు చాలు. "అయిపోయింది" అంటే దరఖాస్తు చేరి, రసీదు తల్లిదండ్రుల చేతికి అందిందని అర్థం. "దాదాపు అయింది" అన్న మాటకు బోర్డు మీద చోటు లేదు.

ఐదవది తిరిగి చూసుకోవడం. విడత ముగియగానే తల్లిదండ్రులకు పని చూపించి వారి మాట వినాలి. ఆపైన మన పనితీరులో ఒక్కటైనా సవరించుకోవాలి.

ఈ పేర్లు వల్లించినంత మాత్రాన పని జరగదు. పని ఎక్కడ ఆగిందో దాచకుండా చెప్పుకోవడమే ఇందులోని ప్రాణం. ఈ ఏడు దరఖాస్తులతో మొదలుపెడదాం. వారానికి రెండు గంటలు ఇవ్వగల యువతీయువకులు ముందుకు రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.