పటము కట్టిన చెట్లు

ఫాల్గుణమాసం వచ్చినదంటే పెద్దపల్లి ప్రాంతపు అడవులలో మోదుగు పూస్తుంది. ఆ మోదుగును, తునికిని, టేకును రెండు శతాబ్దాల క్రిందటనే చిత్రింపజేసినవాడు విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు. సామర్లకోటలో వుండి తెలుగునేల మొక్కలను పరిశీలించి, దేశీయ చిత్రకారులచేత బొమ్మలు వేయించినాడు. వానిలోనుండి ఏరిన 300 చిత్రాలు 1795 మొదలు పాతికేండ్లలో మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడినవి. వివరణలలో లాటిన్ పేరు ప్రక్కన మన తెలుగు పేరు! కుంచె పట్టినవారి పేర్లు మాత్రం మనదాకా రాలేదు.

ఇట్టి చిత్రాలకు పటాలు కట్టించి గోడకు తగిలించుట నేడు వేడుకయైనది. మంచిదే. కాని విడిబొమ్మకు ధర హెచ్చుగా పలుకునని ప్రాచీన గ్రంథాలను చీల్చి అమ్ముట అన్యాయం. ఆ పుటల ప్రతులు నేడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరకుచున్నవి. ఒకటి అచ్చువేయించుకొన్న చాలును. అసలు పుటయే వున్నచో, ఆమ్లము లేని అట్టను చుట్టూ అమర్చి, కాగితం అద్దానికి తగలకుండ పటం కట్టించవలెను. ఎండ పడు గోడ పనికిరాదు. చేతితో అద్దిన రంగులు వెలిసిపోవును. బొగ్గుబావుల దుమ్ము సంగతి మనకు చెప్పనక్కరలేదు గనుక పటం వెనుకభాగం గూడ మూయించుట మేలు.

గోదావరిఖనిలోని ఇంటికి ఏ చెట్టు తగునన్నచో, శ్రోతలారా, నేను తునికినే ఎన్నుకొందును. బీడీ ఆకు కోసినవారి ఇంట దానికి పరిచయం అక్కరలేదు. పాతికకోట్ల యేండ్లకు పూర్వపు గ్లోసాప్టెరిస్ చెట్లే మన బొగ్గుకు మూలమని పిల్లలకు చెప్పుటకూ అదే అదను. ఆ చెట్ల ఆకులు చిత్రకారుని అవసరం లేకయే రాతిలో అచ్చుపడినవి.